ఏ కాగితం పట్టుకెళ్లాలి? పర్లాకిమిడి టీచరమ్మ కేసు

"మాస్టారూ, ఇది అక్కడ చెల్లుతాదా, చెల్లదా? ఆ ఒక్క ముక్క చెప్పండి చాలు."

2023 జూన్, వేసవి సెలవులు అయిపోవస్తున్న రోజులు. ఇంగ్లిష్ చెప్పే ఉద్యోగానికి వియత్నాం వెళ్లాలనుకుంటున్న ఒకామె నా ముందు పెట్టింది సెల్‌ఫోన్. తెర మీద బంగారు అంచు, ఎర్ర సీలు, రెండు సంతకాలతో ఒక సర్టిఫికెట్టు. 120 గంటల ఆన్‌లైన్ టెఫ్ల్ కోర్సు, అంటే ఇంగ్లిష్‌ని పరాయి భాషగా చెప్పడం నేర్పే కోర్సు, పూర్తి చేసినట్టు రాసి ఉంది. అడుగున చిన్న అక్షరాల్లో 'లెవెల్ 5'. అసలు ధర 42 వేలట. "ఈ రాత్రి పన్నెండులోపు కడితే" 9,500. కట్టేసింది. 120 గంటల కోర్సు పదకొండు రోజుల్లో అయిపోయింది, అదీ బడి నుంచి వచ్చి వంట చేసుకున్నాక రాత్రిపూట.

నేను ఒడిశా–ఆంధ్ర సరిహద్దులో ఉన్న పర్లాకిమిడిలో ఇంగ్లిష్ టీచర్లకి శిక్షణ ఇస్తుంటాను. 2011లో సెల్టా చేశాను, అది ఇంగ్లిష్ టీచర్లకి కేంబ్రిడ్జి ఇచ్చే సర్టిఫికెట్టు. గుణుపురం, రాయగడ, కాశీనగర్ నుంచీ, నది దాటి పాతపట్నం నుంచీ ఏడాదికి పది పన్నెండు మంది ఇదే ప్రశ్న పట్టుకుని వస్తారు. వాళ్లందరిలో ఈ కేసే ఎందుకు రాస్తున్నానంటే, ఇందులో నేను మొదట ఇచ్చిన సలహా సగం తప్పు. ఆమె చదివి సరేనన్నాకే బయటపెడుతున్నాను. పేరు రాయను. బడి పిల్లలు పిలిచినట్టు టీచరమ్మ అనే అంటాను.

మనిషి, ఇల్లు

టీచరమ్మకి అప్పుడు 28 ఏళ్లు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. పదో తరగతి దాకా ఒడియా మీడియం. బరంపురం యూనివర్సిటీ నుంచి ఇంగ్లిష్ ఎం.ఏ., ఆ తర్వాత బీఈడీ. నాలుగేళ్లుగా ఒక ప్రైవేటు ఇంగ్లిష్ మీడియం బడిలో ఆరు నుంచి ఎనిమిది తరగతులకి చెబుతోంది. జీతం 14 వేలు, సెలవుల్లో అదీ సగమే. నాన్నకి చిన్న కిరాణా కొట్టు.

తనతో కాలేజీలో చదువుకున్న స్నేహితురాలు వియత్నాంలో పాఠాలు చెబుతున్న వీడియో చూసింది. అప్పటినుంచీ వియత్నాం. ఒక ఏజెంటు కూడా దొరికాడు. "టూరిస్టు వీసా మీద ఎల్లిపోండి, అక్కడ దిగాక అన్నీ మార్చేస్తాం" అన్నాడట. ఆ మాట వినగానే మిగతా సంగతులు పక్కన పెట్టి ముందు ఆ ఏజెంటు నంబరు తీసేయించాను. టూరిస్టు వీసా మీద పాఠం చెప్పడం చట్టవిరుద్ధం. పట్టుబడితే నష్టపోయేది చెప్పినవాడు కాదు, చేసినవాళ్లు. వియత్నాంలో వర్క్ పర్మిట్‌కి డిగ్రీ, టీచింగ్ సర్టిఫికెట్, పోలీసు క్లియరెన్సు, ఆరోగ్య పత్రం కావాలి. డిగ్రీ కాగితాలకి అధికారిక ధ్రువీకరణ ముద్రలు ఉండాలి. ఇవేవీ టూరిస్టుగా దిగి సాయంత్రానికి పోగేసుకునేవి కావు.

రెండోసారి నాన్నని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన కుర్చీ అంచున కూర్చుని నన్నడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది. "బాబూ, ఇది బీఏ చేసింది, ఎమ్మే చేసింది, బీఈడీ చేసింది. ఇంకా ఏటి చదవాలంటారు? ఒక్కో గుమ్మం కాడ ఒక్కో కాగితం అడుగుతారేటి?"

అవును, సరిగ్గా అదే. ఇంగ్లిష్‌ని పరాయి భాషగా చెప్పే ఉద్యోగానికి గుమ్మాలు రెండు. ఒకటి వీసా గుమ్మం. అక్కడ కూర్చున్న గుమస్తా నీ పాఠం వినడు. డిగ్రీ, పాస్‌పోర్టు, ముద్రలు చూస్తాడు. రెండోది తరగతి గుమ్మం. అక్కడ కూర్చునేది డైరెక్టర్ ఆఫ్ స్టడీస్, అంటే పాఠాల బాధ్యత చూసే మనిషి. "నువ్వు పాఠం చెబుతుంటే ఎవరు చూశారు, ఎన్ని గంటలు చూశారు?" అని అడుగుతాడు. ఆన్‌లైన్‌లో సర్టిఫికెట్లు అమ్మేవాళ్లు ఈ రెంటినీ కలిపేసి ఒకే తాళంచెవి అన్నట్టు చూపిస్తారు.

ఆ 9,500 రూపాయల కాగితం

ముందు దాని సంగతి తేల్చాం. టెఫ్ల్ అనేది ఎవరి సొంత పేరూ కాదు. ఎవరైనా పెట్టుకోవచ్చు. అక్రెడిటేషన్, అంటే గుర్తింపు, అన్న మాటా అంతే, కోర్సు అమ్మేవాళ్లే ఒక సంస్థ పెట్టుకుని తమకి తామే ముద్ర వేసుకున్న సందర్భాలు చూశాను. 'లెవెల్ 5' మాత్రం సరిచూసుకోదగ్గ మాట, అది ఇంగ్లండులో అర్హతలకి ఇచ్చే స్థాయి. ఇంగ్లండులో అర్హతల నియంత్రణ సంస్థ ఆఫ్‌క్వాల్. దాని రిజిస్టరు ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. నా ల్యాప్‌టాప్ మీద ఆమె చేతే వెతికించాను. కోర్సు పేరు కొట్టింది, లేదు. సంస్థ పేరు కొట్టింది, లేదు. మూడోసారి స్పెల్లింగు మార్చి కొట్టబోయి తనే ఆగిపోయింది.

ఇక్కడ ఒక మాట. ఆ రిజిస్టరులో నిజంగానే ఉన్న లెవెల్ 5 ఆన్‌లైన్ కోర్సులు కూడా ఉన్నాయి. అవి దొంగవి కావు. కానీ వాటిలో చాలా వాటికి ఒక్క నిమిషం కూడా అసలు విద్యార్థుల ముందు పాఠం చెప్పక్కర్లేదు. చదివి, రాసి, పంపితే చాలు. ఈత పుస్తకం మొత్తం చదివినవాడికీ వంశధారలో దూకినవాడికీ ఒకే లెవెలు ఇచ్చినట్టు ఉంటుంది.

డబ్బు వాపసు అడిగింది. జవాబు రాలేదు.

40 నిమిషాలు, 31 నిమిషాలు

ఏ కోర్సు అన్నది మాట్లాడకముందు నేను ప్రతివాళ్లనీ ఒక పని అడుగుతాను. మీ పాఠం ఒకటి రికార్డు చేసి తీసుకురండి. జూలైలో తెచ్చింది. ఏడో తరగతి, ప్రెజెంట్ పర్ఫెక్ట్, 40 నిమిషాలు. ఇద్దరం కూర్చుని గడియారం పెట్టి లెక్కేశాం. 31 నిమిషాలు టీచరమ్మే మాట్లాడింది. మిగతా తొమ్మిదిలో పిల్లలంతా కలిసి "ఎస్ మేడమ్" అన్న అరుపులే ఎక్కువ. పిల్లలు విడివిడిగా, సొంతంగా ఇంగ్లిష్‌లో పలికిన వాక్యాలు అందరివీ కలిపి నాలుగు.

పాఠం చెడ్డదేం కాదు. బోర్డు మీద సూత్రం అందంగా రాసింది, ఒడియాలో వివరించింది, తెలుగు పిల్లలకి తెలుగులో మరోసారి చెప్పింది. పరీక్షలో మార్కులు వస్తాయి. మన బడికి అది చాలు. కానీ హనోయ్‌లోనో బ్యాంకాక్‌లోనో పిల్లలతో ఆమెకి ఉమ్మడి భాష లేదు. తెలుగు చేతికర్ర, ఒడియా చేతికర్ర రెండూ తీసేస్తే ఎలా నడుస్తుంది? ఆమెకి కావలసిన చదువు అది. కాగితం దాని వెనక వస్తుంది.

ఇదే తరగతిలో ఒక సంగతి దొరికింది. పిల్లలందరూ "ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్" అంటున్నారు. టీచరమ్మ తప్పని కొట్టేసి సూత్రం మళ్లీ రాసింది. ఎందుకలా అంటున్నారో అడగలేదు. తెలుగులో "పదేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను" అంటాం, 'ఉంటున్నాను' వర్తమానమే కదా. పిల్లవాడు తన భాషని నమ్ముకుని ఇంగ్లిష్‌లోకి దాన్నే మోసుకొచ్చాడు. విద్యార్థి తప్పు వెనక అతని సొంత భాష తర్కం చూడగలగడం, నా లెక్కలో, ఈ వృత్తిలో సగం. సెల్టాలో నాలుగు రాత పనుల్లో ఒకటి ఇదే, ఒక విద్యార్థిని ఎంచుకుని అతని భాషా అవసరాలు, తప్పులు పరిశీలించడం. ట్రినిటీ కాలేజ్ లండన్ కోర్సులో కూడా ఒక విద్యార్థి గురించి ఇలాంటి పనే ఉంటుంది.

ఎదురుగా ఉన్న దారులు

సెల్టా కేంబ్రిడ్జిది. కనీసం 120 గంటల శిక్షణ, ఆరు గంటలు అసలు విద్యార్థుల ముందు పాఠం, అదీ రెండు వేర్వేరు స్థాయుల వాళ్లకి, శిక్షకుడు వెనక కూర్చుని రాసుకుంటుండగా. పూర్తికాలం చేస్తే నాలుగైదు వారాలు. 2020 నుంచి పాఠాలతో సహా మొత్తం ఆన్‌లైన్‌లోనూ చేయొచ్చు. చేరడానికి ముందు ఇంటర్వ్యూ, దానికీ ముందు భాష మీద ఒక పరీక్షలాంటిది. డబ్బు కట్టినవాళ్లందరినీ తీసుకోరు. అమ్మేవాడు నిన్ను పరీక్షిస్తున్నాడంటే సరుకులో దమ్ముందని అర్థం.

ట్రినిటీ కాలేజ్ లండన్ వారి సెర్ట్ టెసాల్ దానికి సరిజోడు. అదీ లెవెల్ 5, అందులోనూ ఆరు గంటల పాఠం. నాకు ఇందులో బాగా నచ్చేది 'తెలియని భాష' అనే భాగం. శిక్షణ తీసుకునే టీచర్లనే విద్యార్థుల బెంచీ మీద కూర్చోబెట్టి, వాళ్లకి ముక్క కూడా రాని భాషలో పాఠం చెబుతారు. నేను దీన్ని పర్లాకిమిడిలో కాపీ కొట్టాను. మా శిక్షణలో మొదటి గంట సవర భాష. సెరంగో వైపు నుంచి వచ్చే ఒక సవరమ్మ సంచిలోంచి కాయలు, గింజలు తీసి చూపిస్తూ పేర్లు చెబుతుంది. పది నిమిషాల్లో ఎమ్మేలు, బీఈడీలు అందరికీ చెమటలు. తమ తరగతిలో వెనక బెంచీవాడు రోజూ ఎక్కడ కూర్చుంటాడో అప్పుడు తెలుస్తుంది. గిడుగు రామమూర్తిగారు ఈ ఊళ్లోనే మాస్టారుగా ఉంటూ, ఇంట్లో సవర మనిషిని పెట్టుకుని వినీ వినీ ఆ భాష పట్టారు. ఆయనకి ఎవరూ సర్టిఫికెట్టు ఇవ్వలేదు. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ కథ వేరు, ఇక్కడ ఆగుతాను.

మన దేశంలోవి రెండు చూశాం. హైదరాబాద్ ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా పుట్టి 2007లో సెంట్రల్ యూనివర్సిటీ అయింది. ఇంగ్లిష్ బోధన మీద దాని దూరవిద్య డిప్లొమాకి మన కాలేజీల్లో మంచి గౌరవం. ఇగ్నోలో ఇంగ్లిష్ బోధన సర్టిఫికెట్ ఉంది, కనీసం ఆరు నెలలు. రెండూ ఆలోచన పెంచుతాయి. కానీ పరదేశంలో లాంగ్వేజ్ సెంటరు నడిపేవాడికి ఆ పేర్లు తెలియాల్సిన అవసరం లేదు. కొన్నేళ్ల కింద గుణుపురం కుర్రాడొకడిని విదేశం కోసమని ఇఫ్లూ వైపు పంపించాను. చదివాడు, బాగుపడ్డాడు, విశాఖలో కాలేజీలో చేరాడు. విదేశం మాత్రం వెళ్లలేదు. అడిగిన గమ్యానికీ చూపించిన దారికీ పొంతన లేదు. ఆ తప్పు నాది, కోర్సుది కాదు.

టీకేటీ అని కేంబ్రిడ్జిదే ఒక పరీక్ష ఉంది, మూడు ప్రధాన మాడ్యూళ్లు, ఒక్కోదానిలో 80 ప్రశ్నలు, 80 నిమిషాలు. టీచరుకి తెలిసిన విషయం కొలుస్తుంది, పాఠం చూడదు. డెల్టా అనుభవం ఉన్నవాళ్లకి, లెవెల్ 7. ఇప్పుడే దాని ఊసు వద్దన్నాను.

పాస్‌పోర్టు మాట్లాడే భాష

చేదు సంగతి ఒకటి ముందే చెప్పాలి, ఎవరూ చెప్పరు కాబట్టి. ఈ ఉద్యోగాల మార్కెట్టులో నీ ఇంగ్లిష్ కంటే ముందు నీ పాస్‌పోర్టు రంగు మాట్లాడుతుంది. దక్షిణ కొరియాలో భాషా బోధన కోసం ఇచ్చే ఇ-2 వీసా అసలు ఏడు దేశాలవాళ్ల కోసం: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. 2010లో అమల్లోకి వచ్చిన భారత్–కొరియా ఒప్పందంలో మనవాళ్లకి బడుల్లో సహాయ టీచర్లుగా ఒక సన్నటి సందు ఉంది, అంతే. చైనాలో విదేశీ టీచరు తన మాతృభాషనే చెప్పాలన్నది నియమం. థాయ్‌లాండ్‌లో మనలాంటివాళ్లని తీసుకుంటారు, కానీ ఇంగ్లిష్ వచ్చని చూపించే టోఇక్, ఐఈఎల్‌టీఎస్ లాంటి స్కోరు అడుగుతారు, జీతం తక్కువిస్తారు. ఒమన్ లాంటి చోట్ల కాలేజీ ఫౌండేషన్ కోర్సులకి ఎం.ఏ., అనుభవం, ఆపైన సెల్టా అడిగే ప్రకటనలు చూస్తుంటాం. గల్ఫ్‌లో సీబీఎస్‌ఈ బడులకైతే బీఈడీ, అనుభవం, ముద్రలు.

టీచరమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "నేను ఎమ్మేలో చదివిన ఇంగ్లిష్ అక్కడ పుట్టినోళ్లు కూడా చదవరు కదా మాస్టారూ." నిజమే. కోపం కూడా న్యాయమే. దాంతో వీసా గుమస్తా కరగడు.

ఇక నా సగం తప్పు. "బీఈడీ సంగతి మర్చిపో అమ్మా, అది మన బడులకే. విదేశంలో సెల్టా ఒక్కటే పలుకుతుంది" అన్నాను. ధీమాగా అన్నాను.

సెల్టాకి వచ్చిన కొటేషన్ లక్షా 60 వేలకి కాస్త పైన. అంత డబ్బు పోసేముందు నేను పెట్టిన షరతు ఒక్కటే. తెలుగూ ఒడియా వాడకుండా పెద్దవాళ్లకి మూడు నెలలు పాఠం చెప్పు. నచ్చకపోతే ఆ డబ్బు మిగులుతుంది.

చంద్రగిరి

తెలుగూ ఒడియా వాడకుండా, ఇంగ్లిష్ కావలసిన పెద్దవాళ్లు మా గజపతి జిల్లాలో ఎక్కడ దొరుకుతారు? చంద్రగిరిలో. 1963లో వచ్చి స్థిరపడ్డ టిబెటన్ల శిబిరాలు అక్కడ ఉన్నాయి. మొక్కజొన్న చేలు, ప్రార్థన జెండాలు. జిరంగ్‌లో 2010లో దలైలామా ప్రారంభించిన పెద్ద మఠం. శీతాకాలంలో మన ఊళ్లకి స్వెట్టర్లు అమ్మడానికి వచ్చేది వీళ్లే. తెలిసినవాళ్ల ద్వారా ఆరుగురు దొరికారు. నలుగురు యువ భిక్షువులు, ఇద్దరు స్వెట్టర్ల వ్యాపారం చేసే ఆడవాళ్లు. ఫీజు లేదు.

శనివారం పొద్దున్నే బస్సు. ఆర్. ఉదయగిరి మీదుగా ఘాట్ రోడ్డు. రాత్రి మోహనలో మేనత్త ఇంట్లో పడక, ఆదివారం ఇంకో పాఠం చెప్పి తిరుగు బస్సు.

మొదటి పాఠం బోల్తా కొట్టింది. బోర్డు మీద 'సబ్జెక్ట్ ప్లస్ హ్యావ్ ప్లస్ వీ-త్రీ' అని రాసిందట. ఒక భిక్షువు ఎంతో మర్యాదగా నవ్వి పుస్తకం మూసేశాడు. తిరుగు బస్సులో నాకు ఫోన్ చేసి ఏడ్చింది.

తర్వాతి వారం ఒక పురికొస తీసుకెళ్లమన్నాను. కొస ఒక చివర 'మీరు చంద్రగిరికి వచ్చిన ఏడాది', రెండో చివర 'ఈరోజు'. మధ్యలో గులకరాళ్లు, ఏడాదికి ఒకటి. భిక్షువులు తమ తమ రాళ్లు పేర్చారు. అప్పుడు వాక్యం ఇచ్చింది: "ఐ హ్యావ్ లివ్డ్ ఇన్ చంద్రగిరి ఫర్ సిక్స్ ఇయర్స్." తర్వాత ప్రశ్నలు, ఒక్క మాటలో జవాబు చెప్పేవి. ఇప్పుడూ ఇక్కడే ఉన్నారా? వచ్చింది ఈమధ్యనా, ఆరేళ్ల కిందా? రేపు వెళ్లిపోతున్నారా? "అర్థమైందా?" అని ఒక్కసారి కూడా అడగకూడదన్నది నియమం, ఎందుకంటే దానికి ప్రపంచంలో ఎక్కడైనా జవాబు "ఎస్ మేడమ్" అనే వస్తుంది. సూత్రం చివర రాసింది, అదీ విద్యార్థులు చెబుతుంటే.

టిబెటన్‌లోనూ మనలాగే క్రియ వాక్యం చివర వస్తుంది. ఈ సంగతి ఆమె తనంతట తనే కనిపెట్టి ఫోన్ చేసి చెప్పింది. ఆ ఫోనుతోనే నాకు నమ్మకం కుదిరింది. ఉచ్చారణ మీద కూడా చెవి నిలబడింది. మనవాళ్లు 'బస్' అనడానికి చివర ఒక అచ్చు తగిలించి 'బస్సు' అంటారు. వియత్నాంవాళ్లు దానికి తలకిందులు, చివరి హల్లుని మింగేస్తారు. ఒకరికి కోయడం నేర్పాలి, ఒకరికి అతికించడం నేర్పాలి. ఒకే పాఠ్యపుస్తకం ఇద్దరికీ సరిపోదు.

సెప్టెంబర్ చివర మళ్లీ రికార్డింగు తెచ్చింది. 45 నిమిషాల్లో ఆమె మాటలు 17 నిమిషాలు. అక్టోబర్‌లో విశాఖ వెళ్లి ఐఈఎల్‌టీఎస్ రాసింది, 7.5. అమ్మ గాజులు తాకట్టు పెట్టారు. నాన్న నాతో ఏమీ అనలేదు. కొట్టులోంచి కిలో జీడిపప్పు పంపించాడు.

12 వారాలు

2024 జనవరి నుంచి ఆన్‌లైన్ సెల్టా, పార్ట్ టైం. దీని గురించి చెప్పాల్సింది ఎక్కువ లేదు, కష్టం ఎక్కడైనా ఒకటే. రెండో పాఠం మధ్యలో పర్లాకిమిడిలో కరెంటు పోయింది. ఆ తర్వాత పాఠం ఉన్న ప్రతిసారీ శ్రీకాకుళంలో పిన్ని ఇంటికి వెళ్లి కూర్చుంది. నాలుగో పాఠం ఫెయిలయింది. 'ఎక్కువ మాట్లాడారు, పైగా మీ ప్రశ్నకి మీరే జవాబు చెప్పేశారు' అని శిక్షకురాలి వ్యాఖ్య. నాలుగేళ్ల అలవాటు పాము కుబుసంలా ఒక్కసారిగా ఊడిరాదు. బడి అనుభవం ఉన్నవాళ్లకి సెల్టా కొత్తవాళ్లకంటే కష్టం, ఇది నేను చాలామందిలో చూశాను. కొత్తవాళ్లు నేర్చుకుంటే చాలు, వీళ్లు ముందు మర్చిపోవాలి.

ఏప్రిల్‌లో ఫలితం వచ్చింది. పాస్. ఏ, బీ గ్రేడులు కాదు, ఉత్త పాస్. ఆ గ్రేడు గురించి తర్వాత ఒక్క ఇంటర్వ్యూలో కూడా ఎవరూ అడగలేదు.

కాగితాలు

వియత్నాం సెంటర్లు ఐదింటికి పంపింది. రెండు జవాబే ఇవ్వలేదు. రెండు 'నేటివ్ స్పీకర్లు మాత్రమే' అన్నాయి. ఒకటి డెమో తీసుకుని, బాగుందని చెప్పి, గంటల లెక్కన పని ఇస్తాం కానీ వర్క్ పర్మిట్ మాట తర్వాత చూద్దామంది. ఆ 'తర్వాత' అనే మాట మేం ముందే ఏజెంటు నోట విన్నాం. వద్దనుకుంది.

థాయ్‌లాండ్‌లో ఒక ప్రైవేటు బడి నుంచి ఇంటర్వ్యూ వచ్చింది. నేను సెల్టా గురించి అడుగుతారనుకుని తయారు చేశాను. వాళ్లు మొదటి ప్రశ్నే బీఈడీ గురించి అడిగారు. థాయ్ బడుల్లో టీచరు లైసెన్సు ఇచ్చేది అక్కడి ఉపాధ్యాయ మండలి. విద్యలో డిగ్రీ ఉన్నవాళ్లకి ఆ దారి సులువు, లేనివాళ్లు తాత్కాలిక అనుమతి మీద నెట్టుకురావాలి. నేను 'మర్చిపో' అన్న కాగితమే వీసా గుమ్మం దగ్గర ముందు నిలబడింది. సెల్టా రెండో గుమ్మంలో పనికొచ్చింది, డెమో పాఠంలో. పురికొస, గులకరాళ్లే మళ్లీ వాడింది. ఆ డెమో చూసిన హెడ్ మేడమ్ పాఠం అయ్యాక ఆ రాళ్లు ఎక్కడివని అడిగిందట.

బీఈడీ ఉందని తెలిసి నేను మొదటిరోజే థాయ్‌లాండ్ బడులు చెప్పి ఉంటే, సెల్టా అవసరమే ఉండేది కాదేమోనన్న అనుమానం నన్ను ఇప్పటికీ పీకుతుంది. ఆమెని అడిగాను. "ఉజ్జోగం రావడానికి బీఈడీ చాలేమో. మొదటి వారంలో పారిపోకుండా ఉండటానికి చంద్రగిరి కావాలి మాస్టారూ" అంది. లక్షా 60 వేల సెల్టా పేరు ఎత్తలేదు. అది గమనించాను.

అసలు దెబ్బ ఇంకోచోట తగిలింది. బడి మే నెల మధ్యలో మొదలయ్యే మొదటి సెమిస్టరుకి రమ్మంది. వాళ్లకి ఒరిజినల్ డిగ్రీ కావాలి. టీచరమ్మ దగ్గర ఉన్నది ప్రొవిజనల్. ఎం.ఏ. పాసై ఇన్నేళ్లయినా ఒరిజినల్‌కి దరఖాస్తే పెట్టుకోలేదు. ఇక్కడ ఉద్యోగాలకి ఎవరూ అడగరు కదా. నేనూ అడగలేదు. దరఖాస్తు, ఫీజు, బరంపురం తిరగడం, పేరులో ఒక అక్షరం తేడా, అఫిడవిట్టు. డిగ్రీ ఏ రాష్ట్రంలో తీసుకుంటే ధ్రువీకరణ ముద్ర కూడా ఆ రాష్ట్రంలోనే మొదలవ్వాలి. మన సరిహద్దు పిల్లలకి ఇది మరీ ఇబ్బంది. ఇంటరు పాతపట్నంలో, డిగ్రీ బరంపురంలో, ఇల్లు ఇంకోచోట ఉంటాయి. ఒక్కో కాగితానికి ఒక్కో రాజధాని. మే పోయింది. బడివాళ్లు మంచివాళ్లు, నవంబర్ మొదట్లో మొదలయ్యే రెండో సెమిస్టరు దాకా ఆగారు.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లని ఏ కోర్సు అని అడగనివ్వను. ముందు మూడు అడుగుతాను. ఒరిజినల్ డిగ్రీ చేతిలో ఉందా? పాస్‌పోర్టులో, మార్కుల జాబితాలో పేరు ఒకేలా ఉందా? మీ పాఠం రికార్డింగు ఏది? ఈమధ్య రాయగడ నుంచి వచ్చిన ఇద్దరిలో ఒకరికి ఈ మూడింటి దగ్గరే ఏడాది పట్టేట్టు ఉంది.

టీచరమ్మ 2024 నవంబర్‌లో వెళ్లింది. జీతం 28 వేల బాత్. అదే బడిలో అదే పని చేసే బ్రిటిష్ కుర్రాడికి బాగా ఎక్కువ, అతనికి బీఈడీ లేదు. ఈ సంగతి తనే చెప్పి, "ఒడియాలో తిట్టుకుంటే ఇక్కడ ఎవరికీ తెలీదు లెండి" అని నవ్వింది. అమ్మ గాజులు నిరుడు దసరాకి విడిపించారు. సెల్టా పెద్దవాళ్లకి చెప్పే చదువు, ఆమె తరగతిలో ఉన్నవాళ్లు పన్నెండేళ్ల పిల్లలు. ఆ నలభై మందిని కూర్చోబెట్టడానికి మాత్రం పర్లాకిమిడి బడిలో నాలుగేళ్లు అరిచిన గొంతే వాడుతోందట.

చంద్రగిరిలో ఆరుగురికీ పాఠం ఆగలేదు. శనివారాలు ఇప్పుడు వేరే అమ్మాయి వెళ్తోంది.